ఆరో గడి

భైరవపాలెం మొగ దగ్గర
ఇంజను చచ్చిన పడవ.
అక్కడ గోదారి అయిపోయిందో, సముద్రం మొదలైందో
నీళ్ళు నాలిక మీద వేసుకుంటేగానీ తెలీదు.
కేసు మాదా, కోస్ట్‌గార్డుదా అన్న తగువు
ఆ ఉప్పు మీదే గంటసేపు నడిచింది.

పందొమ్మిది మంది. ఒకడు లేవలేదు.

"రొయ్యల దొంగలనుకున్నానండి," అన్నాడు చెరువు కాపలావాడు.
"టార్చి పడగానే అందరూ చేతులెత్తేశారు,
ఆ మూడేళ్ళ పిల్లతో సహా."
అది నేను రిపోర్టులో రాయలేదు.

నేను మెరైన్ స్టేషన్ రైటర్ని. గడులు నింపడం నా పని.
పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా.
అయిదు, ఒంటి మీద గుర్తులు:
ఒక్కొక్కరికీ అదనపు కాగితం పట్టింది.
ఆరు, ఏ దేశం.

ఎస్సైగారు సినిమా హిందీ వాడారు.
ఐసు ఫ్యాక్టరీ ఒడియా కుర్రాడొచ్చి, విని, తల అడ్డంగా ఊపి వెళ్ళాడు.
అప్పుడు ఎవరికో గుర్తొచ్చింది
గుత్తెనదీవిలో ఎండు నెత్తళ్ళమ్మే బర్మా నూకరత్నం.

తట్టతోనే దిగింది ఆటో.
"అరవయ్యేళ్ళయ్యింది బాబూ,
ఆ మాటలు నోట్లో ఉన్నాయో, కరిగిపోయాయో."
పన్నెండేళ్ళ పిల్లాడి ముందు గొంతుక్కూచుంది.
పెదాలు రెండుమూడుసార్లు కదిలాక
"సా పీ బీ లా," అంది.

"తిన్నావా అనండి. అక్కడ ఎదురుపడితే అదే దణ్ణం."

"తిండి తరవాత. దేశం అడుగు."

అడిగింది. వాడు చాలాసేపు చెప్పాడు.
ఆవిడ చెప్పింది మాత్రం రెండు ముక్కలు:
"ఈళ్ళది అక్కడేనంట.
అక్కడోళ్ళు కాదంటన్నారంట."
అంత మాట పట్టేంత గడి కాదది.

పిల్లాడు గుండె మీద వేలు పెట్టుకుని "కలా" అన్నాడు.
నేను కల అని రాసి, కొట్టేశాను.
నూకరత్నం వేలు తన రవిక దాకా లేచింది.
"కలా," అంది తనూ.

"ఏంటి, చుట్టాలా?" నవ్వారెవరో.

"పరాయోడు అనండి దానర్థం.
మా అమ్మని రంగం బజార్లో అలాగే పిలిచేవోరు.
ఓడెక్కే రోజు రేవులో ముక్కుపుడక లాక్కుని
ఆ మాటే కాయితమ్మీదేసి ముద్దర కొట్టారు.
ఇక్కడ దిగితే బర్మావోళ్ళన్నారు.
ఇయ్యాల్టికీ అదేగా నా ఇంటిపేరు."

మధ్యాహ్నం పెద్దల వీడియో మీటింగు.
ఇరుదేశాల సమన్వయం, ఉమ్మడి నిఘా, సమాచార మార్పిడి:
నేనే టైపు చేశాను, ఒక్క తప్పు లేకుండా.
రేవులో ముక్కుపుడక లాక్కున్ననాడు కూడా
ఎక్కడో రెండు దేశాలు చేతులు కలిపే ఉంటాయి.

కాకినాడ నుంచి లాయరమ్మాయి ఫోను:
"శరణార్థులని రాయండి. చంపేచోటికి తిరిగి పంపకూడదు."
"ఆ ఒప్పందం మీద మన సంతకం లేదటండీ," అన్నాను.
"మీరు మనిషేగా?" అంది.
లైను కట్టయిందన్నాను సారుతో.
కట్టవలేదు.

ఆరో గడి ఖాళీగా వదిలితే కంప్యూటరు ఒప్పుకోదు.
నూట తొంభై పైచిలుకు దేశాలు వరసగా దిగాయి.
ఒక్కొక్క పేరు మీదా ఆగాను.
అన్నిటికీ అడుగున "ఇతరములు" ఉంది.
పద్దెనిమిది సార్లు అదే నొక్కాను.

"ఆ లేవనోడికేం రాశావు బాబూ?" అందావిడ.
వాడికి ఆ ఫారమే వేరు.

చీకటి పడుతుంటే వ్యాను కదిలింది.
వంతెన ఎక్కి యానాం దాటాక
చెక్‌పోస్టులో ఆపి, సీట్ల కింద సీసాలు వెతికారట.
మా వాళ్ళకి తెలిసిన సరిహద్దు అదొక్కటే.

ఆవిడ వ్యాను ఊచల దగ్గర ఏదో అంది, నేను చూశాను.
పిల్లాడు తల ఊపాడు.
"ఏం చెప్పావు?"
"ఏం చెబుతాను. తిన్నావా అనే.
నాకు మిగిలింది ఆ మాటొక్కటే."

తట్ట తలకెత్తుకుంటుంటే చెయ్యి సాయం పట్టాను.
తేలిగ్గా ఉంది.
లోపల నెత్తళ్ళు ఒక్కటీ లేవు.